పండగ వెళ్ళాక చూద్దాంలే అనుకోకండి

 

డిసెంబరు మొదలయిందంటే మన ఊళ్ళలో డాబాల మీద నక్షత్రాలు వెలుగుతాయి. గుంటూరు, బాపట్ల, ఏలూరు, కాకినాడ వైపు చూసినా, మెదక్, ఖమ్మం, నల్లగొండ వైపు చూసినా పండగ 25వ తేదీనే. విందులు మాత్రం నెల మొదటి వారంలోనే మొదలవుతాయి. స్కూల్లో సెమీ క్రిస్మస్, ఆఫీసులో సెమీ క్రిస్మస్, స్త్రీల సమాజం వాళ్ళది ఒకటి, యూత్ వాళ్ళది ఒకటి, సండే స్కూలు పిల్లలది ఇంకొకటి. ఆ తరవాత ఇంటింటికీ క్యారల్స్. 24 రాత్రి ఆరాధన, 25 పొద్దున ఆరాధన, ప్రేమవిందు, 31 రాత్రి వాచ్ నైట్, జనవరి 1. ఇవన్నీ ముగిసి ఊపిరి పీల్చుకునేలోపే సంక్రాంతి అరిసెలు. మతంతో పని లేకుండా పక్కింటివాళ్ళూ, తోటి ఉద్యోగులూ ఈ విందుల్లో కూర్చుంటారు. కాబట్టి ఈ మాటలు అందరికీ.

నేను జనరల్ ఫిజీషియన్‌ని. క్రిస్మస్ రాత్రుల్లో డ్యూటీలో ఉండి చాలామందిని చూశాను. అలా వచ్చినవారిలో ఎక్కువమందికి ఉన్నది కొత్త జబ్బేమీ కాదు. ఉన్న షుగరు, ఉన్న బీపీ, ఉన్న ఆయాసం. ఒంట్లో తేడా రెండు మూడు రోజుల ముందే తెలిసింది. ఇల్లంతా చుట్టాలు, పిండివంటలు, కొత్త బట్టలు, ఆ హడావుడిలో ఎవరినీ కంగారు పెట్టడం ఎందుకని 'పండగ వెళ్ళాక చూద్దాంలే' అనుకున్నారు. ఈ నెలలో నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది కేకుకూ కాదు, బిర్యానీకీ కాదు, ఆ వాయిదాకి.

విందు చెయ్యడం తప్పని చెప్పడానికి రాలేదు. మన దగ్గర క్రిస్మస్‌కీ అన్నానికీ పాత సంబంధం ఉంది. మెదక్ పెద్ద గుడి సంగతి మీలో చాలామందికి తెలుసు. కరవు రోజుల్లో జనానికి పని చూపించి తిండి పెట్టాలని చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ ఆ కట్టడం తలపెట్టారు. 1914లో మొదలై పదేళ్ళు సాగిన ఆ పని ముగిసి, 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, గుడిని ప్రతిష్ఠించారు. కూలికి బదులు అన్నం తీసుకుని రాళ్ళు మోసిన చేతులు కట్టిన గుడి అది. ఆ కాలం పేదింట్లో తెల్లన్నం, మాంసం కూర పండగ నాటి మాట. మిగతా రోజుల్లో జొన్న గటకో, సంకటో, అంబలో. ఏడాదికి ఒకటి రెండుసార్లు కడుపునిండా తింటే ఆ ఒంటికి బలమే తప్ప చేటు లేదు. ఆ కుటుంబాల మనవలు, మునిమనవలు ఇవాళ ఆదివారం ఆదివారం బిర్యానీ తింటున్నారు, పొలానికి బదులు కుర్చీలో పని చేస్తున్నారు, డిసెంబరులో వారానికి రెండు మూడు విందులకు వెళ్తున్నారు. పండగ అదే, తినే ఒళ్ళు మారింది.

అలాగని ఒక్క విందుకే బరువు ఇంతింత పెరిగిపోతామని బెంగ పడక్కర్లేదు. 2000 సంవత్సరంలో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో నవంబరు నడుమ నుంచి జనవరి దాకా మనుషుల బరువు చూస్తూ వచ్చారు. సగటున పెరిగింది 370 గ్రాములే. వాళ్ళంతా అంతకు చాలా ఎక్కువే పెరిగి ఉంటామనుకున్నారు. అయితే ఆ 370 గ్రాములు తరవాతి నెలల్లో తగ్గలేదు, అలాగే ఉండిపోయాయి. ఏటేటా ఒక పండగది ఇంకో పండగదాని మీద చేరుతుంది. అందుకే విందు రోజు ఆకలి చంపుకోమని నేను ఎవరికీ చెప్పను. విందుకీ విందుకీ మధ్య రోజుల్లో ఇంటి తిండి, మామూలు పప్పు, ఆకుకూర, మజ్జిగ తినమని, పొద్దున్నే నడక మానొద్దని చెప్తాను.

ఇప్పుడు 24 రాత్రి సంగతి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి. చాలా సంఘాల్లో ఆ రాత్రి ఆరాధన పది, పదకొండింటికి మొదలై అర్ధరాత్రి దాటుతుంది. ప్రేమవిందు ఆ తరవాతే. షుగరుకి మాత్రలు వాడేవాళ్ళు అలవాటు ప్రకారం ఎనిమిదింటికి మాత్ర వేసుకుంటారు. 'ఎలాగూ విందు ఉంది కదా' అని అన్నం మాత్రం మానేస్తారు. ఒక ఏడాది అలాగే ఒక టీచరుగారు మాత్ర వేసుకుని, ఉత్త కడుపుతో గుడికి వెళ్ళి, ఆడవాళ్ళ వరసలో నిలబడి పాడుతున్నారు. మంచు కురిసే చలి రాత్రి. ఆవిడకి మాత్రం జాకెట్టు తడిసేటంత చెమట. పాట పుస్తకం పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. పాటలో మాటలు తడబడుతున్నాయి. పక్కన ఉన్నవారు నిద్రమత్తు అనుకుని చాప మీద కూర్చోబెట్టారు. అదృష్టం కొద్దీ గాయకుల్లో ఒక నర్సు ఉంది. ఆ అమ్మాయి ముఖం చూసింది, చెయ్యి పట్టుకుని చూసింది, 'అమ్మగారూ, షుగరు మాత్ర వేసుకున్నారా, అన్నం తిన్నారా' అని రెండే ప్రశ్నలు అడిగింది. వంటశాల నుంచి టీకి ఉంచిన పంచదార డబ్బా తెప్పించి గ్లాసు నీళ్ళలో మూడు చెంచాలు కలిపి తాగించింది. పావుగంటకి ఆవిడ తేరుకున్నారు. ఆ తరవాతే మా దగ్గరికి తీసుకొచ్చారు. అప్పటికి మేము చెయ్యాల్సింది పెద్దగా మిగల్లేదు.

గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవారికీ, ఇన్సులిన్ తీసుకునేవారికీ ఈ ప్రమాదం ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చాలా తక్కువ. రక్తంలో షుగరు 70 కంటే కిందికి పోతే ఒళ్ళు చెమటలు పడుతుంది, గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, కొందరికి ఊరికే కోపం వస్తుంది. మనిషి స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి. పావుగంట ఆగి చూడండి, తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి, తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. ఇంతదాకా రాకుండా ఉండాలంటే చెయ్యాల్సింది తేలిక. మామూలు వేళకి మామూలుగా తినే రెండు చపాతీలో, కాస్త అన్నమో తిని, మాత్ర వేసుకుని ఆరాధనకి వెళ్ళండి. ప్రేమవిందులో కూర్చుని రెండు ముద్దలు తినండి, విందులో పాలు పంచుకున్నట్టే. ఉపవాస ప్రార్థన ఉండాలనుకునేవారు మాత్ర ఎలా వేసుకోవాలో నాలుగు రోజుల ముందే మీ డాక్టరుని అడగండి. ఆ రోజు మీ అంతట మీరే మాత్ర మానేయడం, మర్నాడు రెండు కలిపి వేసుకోవడం, రెండూ ప్రమాదమే.

ఇక గుండె. స్వీడన్ దేశంలో 1998 నుంచి 2013 దాకా నమోదయిన గుండెపోట్లన్నిటినీ, రెండు లక్షల ఎనభై వేలకు పైగానే, తీసి ఏ రోజు ఏ వేళకి వచ్చాయో చూశారు. అన్నిటికంటే ఎక్కువ డిసెంబరు 24న వచ్చాయి. మామూలు రోజుల కంటే 37 శాతం ఎక్కువ. అదీ రాత్రి పదింటి ప్రాంతంలో. అక్కడ అసలు పండగ 24 సాయంత్రమే. 75 ఏళ్ళు దాటినవారికి, షుగరు ఉన్నవారికి, ముందే గుండె జబ్బు ఉన్నవారికి ఇంకా ఎక్కువ వచ్చాయి. అమెరికాలో మరణాల లెక్కలు చూసి 2004లో వెలువడిన పరిశోధనా పత్రంలోనూ గుండె జబ్బు చావులు డిసెంబరు 25, 26, జనవరి 1 తేదీల్లోనే ఎక్కువగా తేలాయి. అందుకు ఆ పరిశోధకులు చూపిన కారణాల్లో ఒకటి నేను ఇందాకటి నుంచీ చెప్తున్నదే. పండగ చెడగొట్టడం ఎందుకని మనుషులు ఆసుపత్రికి రావడం ఆలస్యం చేస్తున్నారు.

మన ఇళ్ళలో ఈ ఆలస్యానికి ఒక పేరుంది, గ్యాస్. బిర్యానీ తిన్న రాత్రి గుండెల్లో బరువుగా ఉంటే గ్యాస్ అంటాం. సోడా తాగుతాం, ఈనో వేసుకుంటాం, జీలకర్ర నములుతాం, వీపు మీద రుద్దించుకుంటాం. గ్యాస్ నిజంగానే వస్తుంది, కాదనను. కానీ ఛాతీ మధ్యలో బరువు, పట్టేసినట్టు ఉండడం, అది ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకడం, చల్లటి చెమట, ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏది పది నిమిషాలకు మించి ఉన్నా గ్యాస్ అని మీరు తీర్పు చెప్పకండి. ఆ తీర్పు ఈసీజీ చెప్పాలి. ఆడవాళ్ళలో, చాలాకాలంగా షుగరు ఉన్నవాళ్ళలో నొప్పి లేకుండా ఉత్త ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం మాత్రమే ఉండొచ్చు. పొద్దుటి నుంచీ వంటింట్లో నిలబడ్డ ఇల్లాలికి ఇవి వస్తే అలసట అని పడుకోబెడతారు. మీ ఇంట్లో ఆ ఇల్లాలిని ఆ రోజు ఒకసారి కూర్చోబెట్టి, 'ఎలా ఉంది ఒంట్లో' అని అడగండి. గుండె రక్తనాళంలో రక్తం గడ్డకడితే కరిగించే ఇంజెక్షన్ ఉంది. అది ఎంత త్వరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది. పొద్దున్న వచ్చిన మనిషికి చెయ్యగలిగింది రాత్రే వచ్చిన మనిషికి చెయ్యగలిగినదానిలో సగం కూడా ఉండదు. బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకురాకండి, 108కి ఫోన్ చెయ్యండి.

గుండె బలహీనమై నీరు చేరేవాళ్ళు, కిడ్నీ జబ్బువాళ్ళు ఉప్పు చూసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి అయిదు గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా లోపు అంటుంది. విందు భోజనంలో ఒక్క పూటకే అది దాటిపోతుంది. ఆవకాయ, చిప్స్, అప్పడం ఆ రోజు వదిలేస్తే కొంత కాపాడుకున్నట్టే. రోజూ పొద్దున్నే బరువు చూసుకోండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. జనవరి 2 దాకా ఆగకుండా డాక్టరుకి చూపించుకోండి.

ప్రేమవిందు వండించే సంఘ పెద్దలకి, కమిటీ సభ్యులకి ఒక విన్నపం. గుడి వెనక షామియానా కింద రాళ్ళ పొయ్యిల మీద గుండిగలు ఎక్కుతాయి. వంటమాస్టారు అయిదింటికల్లా బిర్యానీ దించేస్తారు, ఇంకో ఊళ్ళో ఇంకో విందు ఉంటుంది ఆయనకి. భోజనాలు అర్ధరాత్రి దాటాక. అంటే ఏడెనిమిది గంటలు ఆ గుండిగ మూతపెట్టి అలాగే ఉంటుంది. మీద చెయ్యి పెడితే చల్లారినట్టే ఉంటుంది గానీ మధ్యలో గోరువెచ్చగా ఉంటుంది. సరిగ్గా ఆ వెచ్చదనంలోనే, 60 డిగ్రీల కిందా 5 డిగ్రీల పైనా, సూక్ష్మజీవులు పెరుగుతాయి. మాంసంలో క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్, అన్నంలో బాసిల్లస్ సెరియస్ అని రెండున్నాయి. వీటి బీజాలు ఉడికినా చావవు. అన్నంలో పెరిగేదాని విషం ఒకసారి తయారైతే మళ్ళీ వేడి చేసినా పోదు. తిన్న గంటల్లోనే వాంతులు. మాంసంలోనిది మర్నాటికి విరేచనాలు పట్టిస్తుంది. క్రిస్మస్ పొద్దున ఒకే వీధి నుంచి ఇరవై మంది వరసగా ఆసుపత్రికి వచ్చారంటే సాధారణంగా కథ ఇదే.

పన్నెండింటికి విందయితే ఎనిమిదింటికి పొయ్యి వెలిగించమనండి. వంటమాస్టారికి ఇంకో వంద ఎక్కువిచ్చినా ఫర్వాలేదు. దించాక నిప్పుల మీద దమ్ములోనే ఉంచి, పొగలు కక్కే వేడిలోనే వడ్డించండి. పెరుగు చట్నీ చివర్లో కలపండి. పచ్చి కోడి కోసిన కత్తిపీట మీదే ఉల్లిపాయలు తరగనివ్వకండి. వడ్డించేవాళ్ళకి సబ్బూ నీళ్ళూ ఒక బల్ల మీద పెట్టండి. మిగిలింది పొట్లాలు కట్టి, రాలేకపోయిన ముసలివాళ్ళకి పొద్దున్నే పంపడం మనకి అలవాటు. ఎంత మంచి అలవాటో నాకు తెలుసు. కానీ ఆ అన్నం తట్టుకునే శక్తి అందరికంటే తక్కువ ఉన్నది వాళ్ళకే. వాళ్ళ పొట్లం రాత్రే, వేడిగా, అందరికంటే ముందు కట్టి పంపండి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ తాగించండి. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. మూత్రం తగ్గినా, రక్తం పడినా, మనిషి మగతగా ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇంకో మనిషి గురించి మాట్లాడాలి, ఆయన గురించి ఎవరూ మాట్లాడరు. పాస్టరుగారు. క్యారల్స్‌లో ముందు నడిచేది ఆయన, ఇంటింటా ప్రార్థన చేసేది ఆయన. ప్రతి ఇంట్లో ఒక కేకు ముక్క, ఒక టీ. ఒక మోస్తరు కేకు ముక్కలోనే నాలుగైదు చెంచాల పంచదార ఉంటుంది, క్రీము ఉంటే ఇంకా ఎక్కువ. టీలో రెండు చెంచాలు. రాత్రి పదిహేను ఇళ్ళు తిరిగితే లెక్క మీరే వేసుకోండి. నేను చూసిన పాస్టర్లలో చాలామందికి షుగరుంది. వద్దంటే 'అయ్యగారు మా ఇంట్లో ఏమీ ముట్టలేదు' అని ఆ ఇల్లు నొచ్చుకుంటుంది. పేదింటివాళ్ళయితే మరీ, తమ కేకు చిన్నదనే ముట్టలేదేమో అనుకుంటారు. ఆయనకి అది తెలుసు, అందుకే తింటారు. జనవరిలో పాదం మీద మానని పుండుతో వస్తారు. నాకు ఇది చూసినప్పుడల్లా మనసు కష్టపడుతుంది. ఎవరి తప్పూ లేదు, అంతా ప్రేమే, ఆ ప్రేమ ఒక మనిషి కాలి దాకా వచ్చింది.

దీన్ని మార్చడం సంఘం చేతిలో ఉంది. ఆదివారం ఆరాధనలో ప్రకటనలు చదివేటప్పుడు ఒక పెద్ద లేచి, 'ఈసారి క్యారల్స్‌కి వచ్చినప్పుడు అయ్యగారికీ, షుగరున్న పెద్దలకీ తీపి పెట్టొద్దు, వారు మంచినీళ్ళు తాగి ప్రార్థన చేస్తే మీ ఇంట విందు చేసినట్టే' అని చెప్తే చాలు. ఆ మాట ఆయన నోటి నుంచి రాకూడదు, ఇంకొకరు చెప్పాలి. ఇళ్ళలోనూ కేకు పక్కన ఇంకేదైనా పెట్టండి. డిసెంబరులో మన దగ్గర వాటికి కొదవ లేదు. జామకాయలు, ఉడికించిన తేగలు, శనగ గుగ్గిళ్ళు, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. షుగరున్నవాళ్ళు కూడా కొంచెం కొంచెం తినొచ్చు. పెట్టడం మన ఆచారం, కొసరి కొసరి పెట్టడం మన మర్యాద. అతిథి ఒకసారి చాలన్నాక రెండోసారి గరిటె పెట్టకుండా ఉండడం కూడా మర్యాదేనని పిల్లలకి మనమే నేర్పాలి.

క్యారల్స్‌కి వెళ్ళే కుర్రవాళ్ళూ, మీకు రెండు మాటలు. ఒక బండి మీద ముగ్గురు, ఒకరి చేతిలో గిటారు, ఒకరి ఒళ్ళో డ్రమ్ము, ముందు పొగమంచు. హెల్మెట్ పెట్టుకుంటే క్రిస్మస్ తాత టోపీ పట్టదంటారు. టోపీ సంచిలో పెట్టుకుని, ఇంటి దగ్గర దిగాక పెట్టుకోండి. ఆయాసం ఉన్నవాళ్ళు ఇన్‌హేలరు జేబులో ఉంచుకోండి, మంచులో గొంతెత్తి పాడితే ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. జ్వరం, దగ్గు ఉంటే ఆ రాత్రి మానుకోండి. మీకు కొద్ది రోజుల్లో తగ్గే ఫ్లూ, మీరు ప్రార్థన చేసి వచ్చిన ఇంట్లోని ముసలాయనకి న్యుమోనియా కావచ్చు. జనం కిక్కిరిసిన గుడిలో చలికి తలుపులన్నీ బిగించకండి, రెండు కిటికీలయినా తెరిచి ఉంచండి.

డాబా మీద నక్షత్రం కట్టేటప్పుడు ఇంటి ముందున్న కరెంటు తీగల వైపు చూడండి. మంచుకి తడిసిన వెదురు కూడా కరెంటుని లాగుతుంది. ఇనుప పైపయితే చెప్పక్కర్లేదు. అతుకులున్న పాత వైర్లు తీసి పారేయండి. పాట పాడే గ్రీటింగ్ కార్డుల్లో, మెరిసే బొమ్మల్లో గుండీలంత చిన్న బ్యాటరీలు ఉంటాయి, పసివాళ్ళు మింగితే రెండు గంటల్లోనే గొంతులో పుండు పడుతుంది. మింగారని అనుమానమొస్తే చాలు, అరటిపండు పెట్టి చూద్దామనుకోకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి.

మద్యం గురించి చాలా సంఘాల్లో మాట్లాడరు, తాగరు కనక. కానీ 31 రాత్రి వాచ్ నైట్‌కి తల్లిదండ్రులు వెళ్తే, వేరే చోట పిల్లలు తాగుతుంటారు. అందుకే చెప్తున్నాను. ఒక్క రాత్రి అతిగా తాగినందుకే గుండె లయ తప్పి కొట్టుకోవడాన్ని అమెరికా డాక్టర్లు 1978లోనే గుర్తించి హాలిడే హార్ట్ అని పేరు పెట్టారు. గుండె జబ్బు లేనివాళ్ళకీ వస్తుంది. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు తాగి, తినకుండా పడుకుంటే తెల్లవారుజామున షుగరు పడిపోతుంది, ఇంట్లోవాళ్ళు మత్తు దిగలేదనుకుంటారు. బండి నడిపేవారి విషయంలో చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. నేను ఆ లెక్క కూడా చెప్పను. తాగితే బండి తియ్యొద్దు, అంతే.

ఇంటి నిండా జనం ఉన్న పండగలో ఒంటరిగా ఉండేవాళ్ళూ ఉంటారు. భర్త పోయాక మొదటి క్రిస్మస్ చేసుకునే ఆవిడ. కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి, మనవణ్ణి పెంచుతున్న కడప వైపు అమ్మమ్మ. కొడుకులిద్దరూ అమెరికాలో ఉండి, వీడియో కాల్ కోసం కొత్త బట్టలు కట్టుకుని కూర్చున్న పెద్దాయన. వీళ్ళు సరిగ్గా తినరు, నిద్రపోరు, మాత్రలు వరసగా మానేస్తారు. అడిగితే 'ఏం బాగుపడాలని' అంటారు. ఆ మాట వింటే తేలిగ్గా తీసుకోకండి. విందుకి పిలవడం ఒక్కటే చాలదు, వెళ్ళి వెంటబెట్టుకుని రండి, పక్కన కూర్చోండి, పోయినవాళ్ళ పేరెత్తి మాట్లాడనివ్వండి. ఏడుస్తారని భయపడి మాట మార్చకండి. దిగులు మరీ ఎక్కువగా ఉంటే టెలి మానస్ అని ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు.

ఇవాళ రాత్రి ఈ కార్యక్రమం అయ్యాక ఒక పని చెయ్యండి. ఇంట్లో రోజూ మందులు వాడేవారి డబ్బా తెరిచి, జనవరి 5 దాకా మాత్రలు సరిపోతాయో లేదో లెక్కపెట్టండి. 24, 25 తేదీల్లో చిన్న ఊళ్ళలో మందుల షాపులు మూస్తారు, చూసే డాక్టరు సెలవులో ఉంటారు. ఇన్సులిన్ సీసా, సూదులు, ఇన్‌హేలరు, బీపీ మాత్ర ఇప్పుడే తెచ్చి ఉంచండి. పండగకి పుట్టింటికి వెళ్ళే ఆడపడుచులు, ఇంటి నుంచి ఫోన్ వస్తే చెప్పడానికి, అత్తగారి మందుల చీటీ ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. ఒక తెల్ల కాగితం మీద ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో, ఏ మాత్ర ఎంత మోతాదో, దేనికి ఎలర్జీనో రాయండి. దాని కింద 108, ఆ కింద రాత్రిపూట ఈసీజీ తీసే ఆసుపత్రి మీకు ఎక్కడ దగ్గరో ముందే కనుక్కుని ఆ ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాయండి. ఆ కాగితాన్ని చుట్టాలకీ కనబడేలా ఫ్రిజ్ మీదో, తలుపు వెనకో అంటించండి. 24 రాత్రి గుడికి వెళ్ళేటప్పుడు షుగరున్నవారి సంచిలో పంచదార పొట్లం ఒకటి వెయ్యండి.